అడుగు సొరుగులో హాస్లింగరైట్

మఖమల్ గూడు ఖాళీగా ఉంది.

ఓటోకార్ వీస్‌బావర్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. కళ్ళజోడు తుడిస్తే రాయి వచ్చి కూర్చుంటుందా? గాజు బీరువా పై అరలో, ఎర్రటి మఖమల్ మీద, అక్రోటు కాయంత రాయి ఒకటి ముప్పై రెండేళ్ళుగా ఉండేది. ఇప్పుడు అది నొక్కిన గుంట మాత్రమే మిగిలింది. బీరువా అంచు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రాయి పేరు హాస్లింగరైట్. లోకం మొత్తంలో దొరికింది ఆ ఒక్క ముక్కే. దాన్ని కనిపెట్టినవాడు ఓటోకారే.

అప్పుడాయనకు ఇరవై ఆరేళ్ళు. మోచేతుల దగ్గర అతుకులేసిన కోటుతో, ష్టైయర్‌మార్క్ కొండల్లో ఫాల్‌గ్రాబెన్ అనే గనుల ఊరికి రాళ్ళ వేటకు పోయాడు. రూపెర్ట్ అనే గని కూలీ వీపు మీది బుట్టలోంచి ఒక రాయి తీసి చూపించాడు. నల్లటి రాతి మీద తేనెరంగు పలకలు, ఆరు మూలలతో, చాకుతో కోసినంత నున్నగా ఉన్నాయి. ఓటోకార్ దాన్ని నాలుకతో నాకాడు, గోటితో గీశాడు, ఊదుగొట్టంతో రవ్వంత కరిగించాడు, నాలుగు నెలలు కూర్చుని కోణాలు కొలిచాడు. ఏ పుస్తకంలోనూ అలాంటిది లేదు. కొత్త ఖనిజమే.

ఈ శాస్త్రంలో ఒక మర్యాద ఉంది. కనిపెట్టినవాడు తన పేరు తానే పెట్టుకోకూడదు. ఓటోకార్ తన గురువు గ్రెగర్ హాస్లింగర్ పేరు పెట్టాడు. ఆ రోజుల్లో వియన్నాలో గడ్డం నెరిసిన ప్రతి ప్రొఫెసర్‌కీ తన పేరు మీద ఒక రాయి ఉండేది. హాస్లింగర్‌కు మాత్రం యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా లేదు. ఆ లోటును పైకి చెప్పుకునే మనిషి కాదు, మనసులోంచి తీసేసుకునే మనిషీ కాదు.

ఆ ఒక్క రాయితో ఓటోకార్ దశ తిరిగింది. ఉద్యోగం వచ్చింది, తర్వాత ప్రొఫెసర్ పీఠం, ఆ తర్వాత చక్రవర్తి ఇచ్చిన హోఫ్‌రాట్ బిరుదు. ఆయన రాసిన పాఠ్యపుస్తకం ఆరుసార్లు అచ్చయింది. రెండు వందల పన్నెండో పేజీలో హాస్లింగరైట్ బొమ్మ ఉంటుంది. గురువుగారు పోయి పద్నాలుగేళ్ళయింది. ఇప్పుడాయన రాళ్ళన్నిటినీ రింగ్ వీధిలో కట్టిన కొత్త మ్యూజియం కొన్నది. వాటి పట్టీ రాసే పని ఓటోకార్‌ది. అందుకే గురువుగారి ఇంటికి వచ్చాడు. సోమవారం నాడు హాస్లింగరైట్ పెద్ద హాల్లో మొదటి అద్దాల పెట్టెలోకి వెళ్ళాలి. ఇవాళ గురువారం, రాయి లేదు.

పక్క గదిలో గురువుగారి భార్య ఎర్నెస్టీన్ కాఫీలో మీగడ వేసుకుంటోంది. ఆవిడకు ఎనభై ఏళ్ళు. చెవులు సన్నగిల్లాయి గాని నాలుకకు ఏమీ కాలేదు.

"అమ్మగారూ, రాయి కనిపించడం లేదు."

"ఏ రాయి? ఇంట్లో పదకొండు వేలున్నాయి. అన్నిటికీ దుమ్ము దులిపినదాన్ని, నన్నడుగు."

"హాస్లింగరైటండీ."

"ఓ, అదా. ఎక్కడికీ పోలేదు. దాని చోట పెట్టాను."

"దాని చోటు పై అర కదండీ. అక్కడ లేదు."

"వెతుక్కో అబ్బాయ్. బోలెడు చదువుకున్నావు. ముందు కాఫీ తాగు, చల్లారిపోతోంది."

పెద్దావిడకు మతి తప్పిందనుకున్నాడు. రాయిని పిండి డబ్బాలో పెట్టిందో, చెత్తలో పారేసిందో అని భయపడ్డాడు. గురువారమంతా వెతికాడు. శుక్రవారం కూడా వచ్చి వెతికాడు. నూట నలభై సొరుగులు. ఒక్కొక్క అట్టపెట్టె పైకెత్తి, దాని కింది చీటీ చదివి, మళ్ళీ పెట్టాడు. చీటీలన్నీ ఎర్నెస్టీన్ చేతిరాతే. హాస్లింగర్ రాస్తే హాస్లింగరే చదువుకోలేకపోయేవాడు. అందుకని ఆయన చెబుతుంటే ఆవిడ రాసేది.

శనివారం మధ్యాహ్నానికి ఆఖరి బీరువా అడుగు సొరుగు ఒక్కటే మిగిలింది. దాన్ని తెరవాలన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు. అది ఏడిపించే సొరుగు. విద్యార్థులు దానికి పెట్టుకున్న పేరది. రంగు పూసిన పలుగురాళ్ళు, జిగురుతో అతికించిన స్ఫటికాలు, లోహం కరిగించే కొలిమిలోంచి వచ్చిన చిట్టెం ముక్కలు అందులో ఉండేవి. చిట్టెం నెమ్మదిగా చల్లారితే అందులోనూ స్ఫటికాలు పుడతాయి, అచ్చం భూమిలో పుట్టినట్టే. ప్రతి ఏడూ కొత్తగా వచ్చినవాళ్ళ ముందు హాస్లింగర్ ఒక చిట్టెం ముక్క పెట్టేవాడు. వాళ్ళు రెండ్రోజులు చెమటోడ్చి కోణాలు కొలిచాక పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "పేరు పెట్టేముందు పగలగొట్టండిరా" అనేవాడు. అదే ఆయన మొదటి పాఠం. ఓటోకార్ కూడా ఒకప్పుడు ఆ నవ్వు పడ్డవాడే.

ఎందుకైనా మంచిదని సొరుగు లాగాడు.

బొహీమియా సీసం చిట్టేనికీ, ఎవరో అతికించిన పచ్చరాయికీ మధ్య, అట్టపెట్టెలో దూది మీద హాస్లింగరైట్ ఉంది. ఓటోకార్‌కు ప్రాణం లేచొచ్చింది. వెంటనే కింద చీటీ చూశాడు.

"కొలిమి చిట్టెం. ఫాల్‌గ్రాబెన్, పాత కొలిమి గుట్ట."

మళ్ళీ చదివాడు. చదువు వచ్చినప్పటినుంచి ఆయన ఇన్ని లక్షల అక్షరాలు చదివాడు, వాటిలో ఏవీ ఇలా కొట్టలేదు. అక్కడే నేల మీద కూలబడ్డాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ముప్పై రెండేళ్ళ కిందట సుత్తి తీసుకుని ఈ రాయి మూల కొట్టబోతే గురువుగారు తన మణికట్టు పట్టుకున్నాడు. "దీన్ని కొట్టకు ఓటోకార్. ఒక్కటే ఉంది" అన్నాడు. తన పేరున్న రాయి మీద ముద్దు అనుకున్నాడు ఓటోకార్. కాదన్నమాట. పగిలితే బండారం బయటపడుతుందని. ఆయనకు తెలుసు. మొదటినుంచీ తెలుసు. తెలిసి, నవ్వు దాచుకుని, ఊరుకున్నాడు. ఓటోకార్‌కు ఒళ్ళు మండిపోయింది. చచ్చినవాడి మీద కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు మనిషికి. పెట్టె పట్టుకుని భోజనాల గదిలోకి దూసుకుపోయాడు.

"ఆయనకు తెలుసు" అన్నాడు.

"ఎవరికి?"

"మీ ఆయనకి. ఇది చిట్టెమని తెలిసే నాచేత పుస్తకాల్లో రాయించాడు. నన్ను ముప్పై రెండేళ్ళు వెధవని చేశాడు."

"ఆయన మొహం. ఆయనకేం తెలుసు" అంది ఎర్నెస్టీన్. చీటీ తీసి వెలుతురుకు పట్టింది. "ఈ కాగితం చూడు. పాలలా ఉంది. లోపలున్నవన్నీ పొగాకు రంగుకి తిరిగాయి. రాయి కోణంలో పావు డిగ్రీ తేడా కనిపెడతావు, నీకు ఇది కనపళ్ళేదూ? మొన్న ఆదివారం రాశాను."

"ఎవరు రాయించారు మీచేత?"

"నాచేత ఒకరు రాయించాలా?"

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"నాకో సంగతి చెప్పు" అంది ఆవిడ. "ఏళ్ళ తరబడి ఆదివారం ఆదివారం నా చేతి కూడు తిన్నావు. మాది ఏ ఊరు?"

"గ్రాజ్ అనుకుంటానండీ."

"గ్రాజ్‌లో మా పిన్ని ఉండేది. మాది ఫాల్‌గ్రాబెన్. మా నాన్న సీబాల్డ్ పిర్కర్ అక్కడ కొలిమి మేస్త్రీ."

ఓటోకార్‌కు ఈవిడ ఎదురుగా కూర్చుని ఫాల్‌గ్రాబెన్ గని గురించీ, ఆ రాతి పొరల గురించీ ఎన్ని సాయంత్రాలు దంచాడో గుర్తొచ్చింది. ఆవిడ సూపు వడ్డించేది. ఏమీ అనేది కాదు. ఆయనకు భూమిలోకి కుంగిపోదామనిపించింది.

"కొలిమి వెనక చిట్టెం గుట్ట ఉండేది" అంది ఆవిడ. "పిల్లలం దానిమీంచి జారి లంగాలు చింపుకునేవాళ్ళం. అందులో పసుప్పచ్చ రేకులుండేవి. మంత్రగత్తె తేనె అనేవాళ్ళం. పది రేకులు దొరికితే ఆ రోజుకి నువ్వే రాణివి. తర్వాత రోడ్డు వెయ్యడానికి గుట్టంతా తవ్వుకుపోయారు. ఆ రూపెర్ట్ ఆ రోడ్డు మీదే ఏరుంటాడు."

"నేను తెచ్చిన రోజే గుర్తుపట్టారా?"

"మూత తియ్యగానే. ఆయన పేరు పండగ, ఆయనకు పేరిచ్చిన పునీతుడి రోజు. నువ్వొక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో కేకు పట్టుకొచ్చావు. చెబుదామనే నోరు తెరిచాను. చూద్దును గదా, ఆయన ఏడుస్తున్నాడు. మా పెళ్ళయ్యాక ఆయన ఏడవడం అదే మొదలు. తెరిచిన నోట్లో కేకు ముక్క పెట్టుకున్నాను."

"ఆయన పోయాకైనా చెప్పొచ్చు కదండీ."

"నువ్వు అడుగుతావేమో అని చూశాను."

"ఏమని అడగాలి?"

"ఏదో ఒకటి. రాళ్ళ గురించి. పదకొండు వేల చీటీలు రాసినదాన్ని. ఆయనా నువ్వూ కలిసి నన్నడిగిందల్లా దుమ్ము దులిపావా అని." ఆవిడ గొంతు పెంచలేదు. "ఇప్పుడు పదిమందిలో పెడతావట. రేపెవడో కుర్రకుంక చూసి నవ్వుతాడు. నవ్వు మా ఆయన పేరు మీద పడుతుంది. నేను నోటితో చెబితే ముసల్దానికి చాదస్తం అంటావు. మీవాళ్ళు చీటీ అయితే నమ్ముతారు. అందుకని చీటీ రాశాను."

ఓటోకార్ రాయిని చేతిలోకి తీసుకున్నాడు. తేనెరంగు పలకలు కిటికీ వెలుతురులో మెరిశాయి. ఇంత అందమైనది చిట్టెం ఎలా అవుతుంది?

"అమ్మగారూ, మీరు పొరబడి ఉండొచ్చు. చిన్నప్పటి సంగతి. గనిలో కూడా ఇలాంటిది..."

ఆవిడ లేచింది. వంటింట్లోకి వెళ్ళి మాంసం దంచే ఇనుప సుత్తి, కూరలు కోసే పీట తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మా ఆయన మొదటి పాఠం ఏమిటి?"

మూలన పింగాణీ పలకల పొయ్యి మండుతోంది. చీటీని అందులో వేస్తే అయిపోతుంది. గుట్ట లేదు, రూపెర్ట్ లేడు, రెండో ముక్క లేదు. ఎనభై ఏళ్ళ ఆడమనిషి మాట ఒక హోఫ్‌రాట్ మాటకు ఎదురు నిలబడదు. పగలకొడితే పీఠం, పాఠ్యపుస్తకం, రెండు వందల పన్నెండో పేజీ, అన్నీ ఆ పీట మీదే పగులుతాయి. ఇవన్నీ ఆయన బుర్రలో తిరిగాయి, అబద్ధం ఎందుకు. ఆవిడ పొయ్యి వైపు చూడలేదు. ఆయన్నే చూస్తోంది.

ఆయన సుత్తి ఎత్తాడు. ఎవరో మణికట్టు పట్టుకుంటారేమోనని ఒక క్షణం ఆగాడు. ఎవరూ పట్టుకోలేదు. కొట్టాడు.

రాయి రెండు చెక్కలైంది. లోపల రొట్టెలో ఉన్నట్టు గుండ్రటి బుడగలున్నాయి. వాటి మధ్య చిటికెనవేలి గోరంత బొగ్గు ముక్క ఉంది, కట్టె వలయాలతో సహా. భూమి లోతుల్లో కట్టెలు పేర్చి మంట పెట్టేదెవరు? ఓటోకార్ దాన్ని వేలితో తాకాడు. వేలు నల్లబడింది. ముప్పై రెండేళ్ళు సుత్తి దూరంలో ఉన్న సంగతి. ఆయనకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. ఆ నల్లటి వేలి వంకే చూశాడు.

"కాఫీ పోస్తాను" అంది ఎర్నెస్టీన్.

"కలం ఇస్తారా?" అన్నాడు ఆయన.

కొత్త చీటీ మీద ఆయనే రాశాడు. రాస్తూ పైకి చదివాడు. "మంత్రగత్తె తేనె. కొలిమి చిట్టెం, ఫాల్‌గ్రాబెన్. ఖనిజమని పొరబడినవాడు ఓటోకార్ వీస్‌బావర్. గుర్తుపట్టినవారు ఎర్నెస్టీన్ పిర్కర్, 1853." ఆగి, "సోమవారం రెండు చెక్కలూ ఈ చీటీతోనే పెడతాను. పత్రికకు ఉత్తరం నేనే రాస్తాను. గురువుగారి తప్పేమీ లేదని అందులో ఉంటుంది" అన్నాడు.

ఆవిడ చీటీ అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చదివింది. తన పుట్టింటి పేరు మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"సంవత్సరం తప్పు" అంది.

"యాభై మూడే కదండీ. నేను తెచ్చింది..."

"అది నువ్వు తెచ్చిన ఏడు. నేను గుర్తుపట్టింది పన్నెండులో. నాకప్పుడు ఏడేళ్ళు."

ఓటోకార్ 1853 కొట్టేసి 1812 అని రాశాడు. సిరా మీద ఇసుక చల్లి ఊదాడు. అప్పుడాయన దృష్టి తెరిచి ఉన్న తలుపులోంచి అవతలి గదిలోకి, వరసగా నిలబడ్డ బీరువాల మీదికి పోయింది. ఆ పట్టీ మొత్తం తన సంతకంతో మ్యూజియంకు వెళ్ళాలి.

"అమ్మగారూ" అన్నాడు మెల్లగా. "వాటిల్లో ఇంకా ఏమైనా ఉన్నాయా, మీరు చూసినవి?"

ఎర్నెస్టీన్ కప్పు కింద పెట్టింది. అడిగించుకోవడానికి ఇన్నాళ్ళు పట్టినదానిలా ఆయన మొహంలోకి చూసి, ఒళ్ళోంచి తాళాల గుత్తి తీసింది.

"మూడో బీరువాతో మొదలెడదాం" అంది. "దీపం కూడా తెచ్చుకో."