మూడు గ్లాసుల్లో బావది ఏది

ఆ ఉదయం నుంచి నాలుకమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆమె అసలు పేరు హోటల్లో ఎవరికీ గుర్తు లేదు. వైన్ రుచి చూసి కొనాలో వద్దో చెప్పే ఉద్యోగం కాబట్టి వంటవాళ్లు పెట్టిన పేరే స్థిరపడిపోయింది. వచ్చే ఏడాదంతా భోజనంతో పాటు ఇవ్వబోయే ఇటలీ ఎర్ర వైన్ ఏదో ఇవాళ ఆమే తేల్చాలి. పోటీలో ఉన్న మూడు సీసాల్లో ఒకటి బావది.

బావ అంటే సాక్షాత్తు అక్క మొగుడు, ఒక వైన్ కంపెనీ సరుకు అమ్మిపెట్టే మనిషి. ఈ బేరం కుదరకపోతే కంపెనీ ఆయన్ని వేరే ఊరికి మార్చేస్తుంది. ఆయనతో అక్కా వెళ్లిపోతుంది. అక్క చేతి వంట తింటూ, అక్క పక్క గదిలోనే ఉండే నాలుకమ్మ ఒంటరిగా మిగిలిపోతుంది. ఇంత స్వార్థం కడుపులో పెట్టుకుని తీర్పు చెప్పమంటే ఎవరికి మాత్రం స్థిమితం ఉంటుంది?

హోటల్ యజమానురాలు ఏది ఎవరిదో తెలియకుండా సీసాలకు గుడ్డ సంచులు తొడిగి, గ్లాసుల్లో తనే పోసింది. మిగతా కంపెనీల వాళ్లు సీసాలు పంపి ఊరుకున్నారు. బావ మాత్రం గోడవారన కూర్చుని కారు తాళాలు తిప్పుతున్నాడు.

మొదటి గ్లాసు సంగతి ఇట్టే తేలిపోయింది. పీపా చెక్క వాసన తప్ప అందులో ఏమీ లేదు. రెండోది వేరే రకం. సాంజొవేసే అనే ఇటలీ ద్రాక్షది మొండి పులుపు, మొహం మీదే మాట్లాడే మనిషి తీరు. దాని పొగరు దించడానికి మెత్తని మెర్లో ద్రాక్షను కలుపుతారు. మెర్లో ఎక్కువైతే రెండూ చప్పబడతాయి. ఈ గ్లాసులో ఆ పాళ్లు అచ్చంగా కుదిరాయి. రుచి చూసి ఉమ్మేయాల్సిన గుక్కను ఆమె తెలియకుండానే మింగేసింది.

భయం అక్కడే పట్టుకుంది. మెత్తగా ఉంటేనే జనం తాగుతారని బావ ఇంట్లో రోజూ ఊదరగొడుతుంటాడు. కాబట్టి ఇది బావదే. దీన్ని ఎంచితే బావకు కట్టబెట్టిందని వంటింట్లో అందరూ చెవులు కొరుక్కుంటారు. గబగబా మూడోది నోట్లో పోసుకుంది. పులుపుకు, వగరుకు చిగుళ్లు బిగుసుకుపోయాయి. పక్కన పళ్లెంలోని కాల్చిన మాంసం ముక్క కొరికి మళ్లీ తాగితే కాస్త దారికొచ్చింది.

"మూడోది మేడం," అంది. "ఒట్టిగా తాగితే కరుకే. మాంసంతో తాగితే ఆ పులుపే కొవ్వు జిడ్డుని విరిచేస్తుంది. మనవాళ్లు తాగేది భోజనంతోనే కదా."

యజమానురాలు మూడో సీసా సంచి లాగింది. అది బావది. రెండోది ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్లది.

"అదీ మా మరదలంటే," అన్నాడు బావ లేచి నిలబడి. "అందరూ మెత్తనిదే అడుగుతారు గానీ, ఆ పులుపు ఎందుకుందో ఇన్నేళ్లలో ఒక్కరికీ అర్థం కాలేదు మేడం."

నాలుకమ్మ ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, అక్క ఎక్కడికీ వెళ్లదు. యజమానురాలు అప్పుడే కలం తీసింది.

"ఆగండి మేడం. రెండోదే బాగుంది. అది బావదనుకుని పక్కన పెట్టాను."

యజమానురాలు ఆమెను ఎగాదిగా చూసి, రెండో గ్లాసు తనే తీసుకుని తాగింది. తర్వాత రెండో సీసా పేరు రాసుకుంది.

బావ వెంట నాలుకమ్మ మెట్ల దాకా వెళ్లింది.

"మరి నా దాని గురించి చెప్పినవన్నీ అబద్ధమేనా?" అన్నాడు బావ.

"అవి నిజమే బావా. కాకపోతే రెండోది ఇంకా బాగుంది."

"ఇన్నేళ్లు మా ఇంట్లో తిని నాది ఏదో పోల్చుకోలేకపోయావన్నమాట."

రెండో గుక్క దగ్గరే ఆమె వైన్‌ని వదిలేసి బావని వెతకడం మొదలుపెట్టింది. బావకి కోపం వచ్చినా తిట్టలేదు. తన ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాడు.

"మీ అక్కకి నువ్వే చెప్పు."

అవతల అక్క వెంటనే ఎత్తింది.

"ఏమైందండీ? సామాన్లు సర్దనా, వద్దా?"

"సర్దక్కా," అంది నాలుకమ్మ. "సాయంత్రం నేనూ వచ్చి సర్దుతా."