మొద్దుబారని నోరు

సద్దుల బతుకమ్మ సాయంత్రం. మెట్‌పల్లిలోని ఒక వాడ ఆడవాళ్లంతా చెరువు గట్టున చెప్పులు ఓరకు విడిచి బతుకమ్మల చుట్టూ చేరారు. ఏటా పాట చెప్పేది శంకరవ్వే; ఆమె ఏది అంటే దాన్నే అందరూ తిరిగి అందుకోవడం ఆనవాయితీ. ఈ ఏడు మాత్రం ఆమెకు అడుగు పడలేదు.

చక్కెర వ్యాధి ముదిరి ఆమె పాదాలు మొద్దుబారాయి. ఈమధ్య పేర్లూ నోటికి అందడం లేదు. మధుమేహంతో నరాలు దెబ్బతిన్నవారిలో కొందరికి జ్ఞాపకశక్తి కూడా మందగించవచ్చని డాక్టరు చెప్పాడు. అందులో ‘కొందరికి’ అన్న మాటను ఆమె భయం మింగేసింది. పాట నడుమ మరిచిపోతే వాడంతటి ముందు తలెత్తుకునేదెలా?

“తాయెత్తు కట్టుకోరాదె అక్కా,” అంది పక్కింటి బాలవ్వ.

“యాడ కట్టాలెనే? కాలికా, తలకాయకా?”

“ఏడనన్న కట్టుకో. నువ్వు ఆగితె పాట నేనందుకుంట. గీ వంతు కోసం ఎన్నేండ్ల సంది చూస్తున్న!”

కోడలు వనజ నవ్వింది. “తాయెత్తుతోని షుగర్ తగ్గుతదా? సోమవారం పరీక్ష ఉన్నది గద అత్తా. గప్పటిదాక ఫికర్ ఎందుకు? పో!”

శంకరవ్వ వలయంలోకి నడిచింది. రెండు చరణాలు హాయిగా సాగాయి. మూడోది ఎంత వెతికినా దొరకలేదు. చప్పట్లు ఆగలేదు. బెదిరిపోయి, ఉన్నమాటే అదే రాగంలో అనేసింది:

“మరిచిపోతినమ్మ ఉయ్యాలో...”

“మరిచిపోతినమ్మ ఉయ్యాలో!” వలయమంతా భక్తిగా అందుకుంది.

శంకరవ్వ నోరు తెరిచింది. “మీకేమాయెనమ్మ ఉయ్యాలో?”

“మీకేమాయెనమ్మ ఉయ్యాలో!”

పకపకా నవ్వులు. ఆ నవ్వుల్లో ఆమె బెదురు ఎటు పోయిందో పోయింది. కొత్త చరణం తనంత తానే వచ్చింది.

“కాలు మొద్దుబారె ఉయ్యాలో,
నోరు మొద్దుబారలే ఉయ్యాలో!”

బతుకమ్మలు నీళ్లలోకి సాగేదాకా పాట తెగలేదు.

“మంచిగ కట్టినవ్ అత్తా. అయినా పరీక్ష తప్పది,” అంది వనజ.

“వస్తగని తియ్. గా డాక్టర్‌కు గూడ ఒక చరణం వినిపిస్త.”

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. వెనుక నుంచి బాలవ్వ ఒంటి చెప్పుతో కుంటుతూ పరుగెత్తుకొచ్చింది. శంకరవ్వ కిందికి చూసుకుంది: కుడికాలికి తనది, ఎడమకాలికి బాలవ్వది. తొడిగిన సంగతే ఆ కాలికి తెలియలేదు.

“అక్కా, ఆగే!” బాలవ్వ రొప్పుతూ నవ్వింది. “పాటైతె నీకే ఇడిసిపెట్టిన. నా చెప్పన్న నాకియ్యే!”