ఆరింటి తర్వాతి లాగ్

"ఆ రీస్టార్ట్ ఏదో కొట్టేసి వచ్చెయ్యవే, ఎందుకంత రాద్ధాంతం!" అన్నారు మా ఆయన ఫోన్లో. మధ్యాహ్నం మూడైంది. మా ల్యాబ్ సర్వర్‌లో మూడు వందల పన్నెండు మంది రక్తపరీక్ష రిపోర్టులు పొద్దున మాయమయ్యాయనీ, ఎవరు చెరిపారో నాలుగింటికల్లా తేల్చకపోతే నా ఉద్యోగం ఊడుతుందనీ అప్పుడే చెప్పాను. "సర్లే, ఆ నీలం చొక్కా ఎక్కడ పెట్టావ్?" అన్నారు. అసలు ఫోన్ చేసిందే అందుకు. బీరువాలో, రెండో అరలో, ఎడమ పక్కన. అది చెప్పాకే ఫోన్ పెట్టేశారు.

సర్వర్‌లో ఎవరు ఏం చేసినా ఒక్కో వరుసగా రాసిపెట్టే ఫైలే లాగ్. రోజూ పొద్దున ఆరింటికి ఆ ఫైలును కుదించి కాపీ దాచి, పాతదాన్ని చెరిపేసి, కొత్తది తెరవాలి. ఆ సెట్టింగు రాసింది నేనే. ఇవాళ దాచిన కాపీ ఆరింటితో ఆగిపోయింది. కొత్త ఫైల్లో ఒక్క వరుసా లేదు. రిపోర్టులు పోయింది ఆ తర్వాతే. మా మేనేజర్, మేం చాటుగా డెడ్‌లైన్ గారంటాం, నా కుర్చీ వెనకే నిలబడ్డారు. "సెట్టింగు మీదే, వరుసలు పోయిందీ మీ దగ్గరే. అందరూ ఏమనుకుంటారో మీరే ఆలోచించుకోండి మేడమ్" అన్నారు. నేను దొంగనా?

సెట్టింగును మళ్లీ మొదటి నుంచి చదివాను. నాలుగోసారి కనబడింది. ఒక వరుస లేదు. నిన్న పొద్దున ఇంట్లో కూర్చుని రాశాను ఇది, నడవడం ఇవాళే మొదలు. ఎదురుగా ఫోన్లో వీడియో కాల్‌లో మా అత్తగారు, "ఎప్పుడు చూసినా ఆ డబ్బా ముందే! పిల్లదాని జడ చూడు, పిచ్చుక గూడులా ఉంది" అంటున్నారు. ఒక చేత్తో జడ పాయలు పట్టుకుని ఇంకో చేత్తో టైప్ చేశాను. 'కొత్త ఫైలు తెరిచాం, ఇకనుంచి ఇందులో రాయి' అని సర్వర్ ప్రోగ్రాముకు చెప్పే వరుస అలా ఎగిరిపోయింది. చెప్పకపోతే దానికేం తెలుసు పాపం? చెరిపేసిన పాత ఫైల్లోనే రాసుకుంటూ పోతుంది. ఆ ఫైలు పేరు ఎక్కడా కనబడదు గానీ, ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ దాని చేతిలోనే ఉంటుంది. ఆపి మళ్లీ మొదలుపెడితే మాత్రం నిజంగానే పోతుంది.

"ఎవరూ రీస్టార్ట్ కొట్టకండి!" అని అరిచాను. గదిలో తలలన్నీ నావైపు తిరిగాయి. డెడ్‌లైన్ గారు విసుక్కుంటూ తన గదిలోకి వెళ్లిపోయారు.

ఆ ఫైలును వెతికి తెరిచాను. ఏడూ నలభైకి, మూడు వందల పన్నెండు వరుసలు, ఒక్కోదాంట్లో ఒక్కో రిపోర్టు నంబరు. లాగిన్ నాది. వచ్చింది మా ఇంటి నుంచి. ఆ టైముకి నేను పిల్లకి స్నానం చేయిస్తున్నాను. చెరపాల్సిన పాత రిపోర్టులు ఏరుతూ ల్యాప్‌టాప్ భోజనాల బల్ల మీద వదిలి వెళ్లాను. 'ఇవన్నీ చెరిపెయ్యనా?' అని అడిగి ఆగింది అది. జాబితాలో కొత్తవి కలిసిపోయాయేమో ఒకసారి సరిచూసుకుని చెబుదామనుకున్నాను. వచ్చేసరికి మూత వేసి ఉంది, అడిగింది అలాగే ఆగిపోయిందనుకున్నాను.

ఆయనకి ఫోన్ చేశాను.

"అదా? ఏదో అడుగుతోందిలే అని యెస్ కొట్టి మూసేశా. కంచం పెట్టుకోడానికి చోటు లేదు మరి!"

"నేను యెస్ అనలేదు కదండీ."

"ఎలాగూ అనేదానివేగా!" అని నవ్వారు. నేను నవ్వలేదు. అప్పుడు ఆయన గొంతు తగ్గింది. "ఇప్పుడేం కొంపలు మునిగాయి? రీస్టార్ట్ కొట్టు, మిషన్ తప్పని చెప్పు. నా పేరు మాత్రం ఎత్తకు, పరువు పోతుంది."

ఆయన చెప్పింది నిజమే, అదే నన్ను చంపేసింది. ఒక్క మాట టైప్ చేస్తే చాలు, ఫైలు పోతుంది, ఏదో సాంకేతిక లోపమంటారు, నా కుర్చీ నాకుంటుంది. ఈ కుర్చీ పోతే నాకు ఆ ఇల్లు తప్ప ఇంకో చోటు లేదు. రోజుకి తొమ్మిది గంటలు నేను మనిషినని గుర్తుండేది ఇక్కడే. కానీ ఏవేవి పోయాయో చెప్పే ఈ నంబర్లుంటే పరీక్ష చేసిన యంత్రాల్లోంచి ఫలితాలు మళ్లీ తీయొచ్చు. లేకపోతే ఆ మూడు వందల పన్నెండు మందీ మళ్లీ చెయ్యి చాపి సూది పొడిపించుకోవాలి. వాళ్లలో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. దేవుడా, నాకే ఎందుకు పెడతావు ఇలాంటివి! రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి ఆ ఫైలును భద్రంగా కాపీ చేశాను. తర్వాత జరిగింది జరిగినట్టు రిపోర్టు రాసి పంపాను.

నాలుగింటికి డెడ్‌లైన్ గారు నన్ను గదిలోకి పిలిచారు. కాగితం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"ఇలా రాస్తే ఉద్యోగం ఉండకపోవచ్చు, తెలుసా?"

"తెలుసు సార్."

"మరి మీవారినెందుకమ్మా ఇందులోకి లాగడం? లాగిన్ మీదే కదా, మీ పేరు మీదే పోనివ్వండి. ఇంటి గుట్టు ఇంట్లో ఉంటుంది."

"పాలు పొంగినా, పిల్లకి మార్కులు తగ్గినా, మా అత్తగారికి బీపీ పెరిగినా పన్నెండేళ్లుగా నా పేరు మీదే పోతున్నాయి సార్. వరుస మర్చిపోయింది నేను, ల్యాప్‌టాప్ తెరిచి వదిలింది నేను. ఆ రెండూ నా పేరునే రాశాను. యెస్ అన్నది ఆయన. దాన్ని ఆయన పేరు మీదే ఉండనివ్వండి."