మడత నలగకుండా

అతను ప్యాంటు కాళ్ళు రెండూ కుట్టు మీద కుట్టు పడేలా సర్ది, ఇస్త్రీపెట్టె ఆనించాడు. ఈ ప్యాంటుకే మొన్న ఒకసారి మడత తీర్చాడు. సోదాకి వచ్చిన సైనికులు అరలోని బట్టలన్నీ కిందికి లాగి, బూట్లతో తొక్కి వెళ్ళారు. ఉతికి, ఆరేసి, మళ్ళీ మొదటికి.

"మడతల్లో తుపాకులు పడుకోబెడతాననుకుంటారు కాబోలు" అని గొణిగాడు.

ఇన్నేళ్ళ పెట్టె బరువుకి అతని కుడిభుజం కాస్త జారింది. ముంజేతి మీద కాలిన మచ్చలు పాతబడి నున్నగా మెరుస్తున్నాయి.

బొత్తాం కుడుతున్న భార్య మూలకి చూసింది. అక్కడ మేకుకి గుడ్డ కప్పిన సైనిక యూనిఫాం వేలాడుతోంది. నిన్న క్యాంపులోని దళం ఉన్నపళంగా బదిలీ అయిపోయింది. ఆ తొందరలో ఒక ఆఫీసరు ఇస్త్రీకిచ్చి మరిచిపోయిన జత అది.

"దాన్ని పొయ్యిలో పడేయమన్నానా లేదా? ఇలాంటి బట్టలేసుకునే కొండల్లోని తిరుగుబాటువాళ్ళు చెక్‌పోస్టులోకి నడిచొచ్చి కాల్పులు జరిపారు. అప్పట్నుంచీ ఇవి ఎవరింట్లో కనబడితే వాళ్ళని సైనికులు పట్టుకుపోతున్నారు. పాలవాడు తిరిగొచ్చాడా?"

"గిరాకీ బట్ట కాలుస్తానా? రేపాయన మనిషిని పంపితే బూడిద మడతపెట్టి ఇవ్వనా?"

"పోనీ, దాచండి."

"దాస్తే దొంగబట్ట అవుతుంది. ఇంకొక్క చొక్కా ఉంది. అదవగానే క్యాంపులో ఇచ్చొస్తా. ఇక నా ప్రాణం తియ్యకు."

చొక్కా ఒక చెయ్యి పూర్తయింది. రెండోది పరిచి నీళ్ళు చిలకరిస్తుండగా కొత్త దళం వచ్చింది. మొహాలు కొత్తవి, పద్ధతి పాతదే. అర ఖాళీ అయింది. ఇప్పుడే మడత తీర్చిన ప్యాంటు మీద బూటు పడింది. అతను పళ్ళు బిగబట్టాడు. ఒకడు మూలనున్న గుడ్డమీద చెయ్యి వేసేసరికి ఆ ఓపికా అయిపోయింది.

"దాన్నైనా నలపకండయ్యా. అది మీదే."

వాళ్ళ నాయకుడు గుడ్డ తొలగించి చూశాడు.

"ఎవరిచ్చారు?"

"వెళ్ళిపోయిన ఆఫీసరుగారు."

"పేరు?"

పేరు అతనెప్పుడూ అడగలేదు.

"కాస్త లావుపాటి మెడండీ ఆయనది."

ఎవరూ నవ్వలేదు.

"మా ఆయన ఇస్త్రీ చేసుకునే మనిషండీ, ఇంకేం తెలీదు" అంది భార్య.

"పద. విచారించి పంపిస్తాం" అన్నాడు నాయకుడు.

అతను ఇస్త్రీపెట్టె స్విచ్చి కట్టేసి, దాన్ని నిలబెట్టాడు.

"కిందవి ఒక్కొక్కటే ఎత్తు. గబుక్కున లాగితే ఇంకా నలుగుతాయి" అని ఆమెకి చెప్పి, విసుగ్గానే వెళ్ళి వాళ్ళ లారీ ఎక్కాడు.

లారీ మలుపు తిరిగేదాకా చూసి ఆమె లోపలికొచ్చింది. బల్లమీద చొక్కా అలాగే పరిచి ఉంది. ఒక చెయ్యి కాగితంలా నిలిచింది. రెండో చేతిమీద అతను చిలకరించిన నీళ్ళు ఇంకా ఆరలేదు.