అరచేతిలో వెచ్చబెట్టిన నూనె

"ఇంకో నాలుగు రుద్దులు రుద్దవే తల్లీ, చచ్చి నీ కడుపున పుడతాను," అంది అత్తగారు రెండో మోకాలు చాపుతూ.

పుట్టినా రుద్దే పని తనదేగా అనుకుంది ఆమె. నొప్పుల మందు ఘాటుకి కళ్ళు చెమర్చాయి. చేతికి తొడుగు వేసుకుంటానని ఒకసారి అంటే, "శవాన్ని ముట్టుకున్నట్టు ముట్టుకుంటావా?" అని అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. మీరు రుద్దండని భర్తనడిగితే, "ఐదు నిమిషాల పనికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు పేపరు దించకుండానే.

ఆ పక్కనే చేపనూనె మాత్రల సీసా ఉంది. ఆమె పనిచేసే కంపెనీదే. రక్తంలో కొవ్వు తగ్గాలని డాక్టరు చెప్పాడు కాబట్టి భర్తకి రెండు. కీళ్ళు కదలాలని అత్తగారికి ఒకటి. కళ్ళకి మంచిదని కొడుక్కి ఒకటి. ఆమెకి లేదు. "రోజంతా వాసన చూస్తావుగా, నీకు ఊరికే ఒంటికి పట్టేస్తుంది," అని భర్త నవ్వేవాడు. చుట్టాలొస్తే ఇంకో ముక్క కలిపేవాడు: "మా ఆవిడ ముక్కుతో సంపాదిస్తుందండీ." అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే, 'కోపం ముక్కు మీదే ఉంటుంది' అంటూ మళ్ళీ ఒక హాస్యం పుడుతుందని భయం.

నిజానికి వాసన చూసి నూనె మంచిదో కాదో చెప్పడం తేలిక పని కాదు. మూతపెట్టిన చిన్న గాజు కప్పులో నూనె పోసి, అరచేతిలో పట్టుకుని వెచ్చబెట్టాలి. వెచ్చబడ్డాక మూత తీసి ఒక్కసారి పీల్చాలి. మంచి నూనెకి సముద్రపు గాలి లాంటి పలచని వాసన ఉంటుంది. పాడైతే పాత రంగు డబ్బా మూత తీసినట్టుంటుంది. అందుకే వాసన చూసే ఆ గదిలోకి వెళ్ళేముందు రోజూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, ఈ రోజు చేతులకి ఏ అత్తరూ, ఏ మందూ రాసుకోలేదని. ఆమె రోజూ పెట్టేది. సబ్బుతో నాలుగుసార్లు కడుక్కున్నానుగా అని మనసుకి చెప్పుకునేది.

ఆ రోజు బస్సు తప్పిపోతుందని ఒక్కసారే కడిగింది. కప్పు వెచ్చబడింది. మూత తీసింది. అరచేతిలోంచి మందు ఘాటు ముందు లేచింది. దాని కింద, ఎక్కడో అడుగున, రంగు డబ్బా వాసన ఒక్క క్షణం మెదిలి మాయమైంది. మళ్ళీ పీల్చింది. తెలియలేదు. అప్పుడు ఆమె చెవిలో వినిపించింది ముక్కు మాట కాదు, భర్త మాట: "నీకన్నీ అనుమానాలే." ఏళ్ళ తరబడి ఆ మాట వినీ వినీ, తనకి తట్టినదాన్ని తనే ముందుగా వెనక్కి తీసుకోవడం ఆమెకి అలవాటైపోయింది. 'బాగుంది' అని రాసేసింది.

మర్నాడు మేనేజరు తన గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు.

"మీరు నిన్న బాగుందన్న సరుకు పాడైందని ల్యాబువాళ్ళ మెషీన్ చెబుతోంది. లారీ గేటు దగ్గరుంది. మీ ముక్కు ఎప్పుడూ తప్పలేదమ్మా, మెషీనే తప్పేమో. మీరు మళ్ళీ బాగుందని రాస్తే పంపించేస్తాను."

ఇంట్లో ఎవరూ ఎప్పుడూ నమ్మకం పెట్టని ముక్కు మీద ఇతను ఇప్పుడెంత నమ్మకం పెడుతున్నాడు! ఆమెకి నవ్వొచ్చింది. ఆ నూనె మాత్రలు అందుకునే ముసలి చేతులు, వాటిని మింగే పిల్లల నోళ్ళు కళ్ళముందు మెదిలాయి.

"మెషీన్ తప్పు కాదు సార్. నిన్న నా చేతులకి నొప్పుల మందు ఉంది. ఇంట్లో రుద్ది వచ్చాను."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మరి సంతకం పెట్టారే?"

"పెట్టాను."

"ఇది రాసిస్తే మిమ్మల్ని మళ్ళీ ఆ గదిలో కూర్చోబెట్టలేను. తెలుసుగా?"

"తెలుసు."

అతను ఒక తెల్లకాగితం బల్లమీద పెట్టి దానిమీద పెన్నుతో కొట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, దారి చూపిస్తున్నట్టు అడిగాడు. "నిన్న ఒక్కరోజేగా? ఒక్కరోజు పొరపాటంటే నేను పైవాళ్ళకి ఏదోలా సర్దిచెబుతాను."

అవునంటే చాలు, ఉద్యోగం దక్కుతుంది. రేపు పొద్దున్న మళ్ళీ మోకాళ్ళు, మళ్ళీ సబ్బు, మళ్ళీ సంతకం. అవునని తల ఊపడానికి మెడ దానంతటదే కదలబోయింది. ఆమె దాన్ని ఆపింది. కాగితం తన వైపు లాక్కుంది.

"కాదు సార్," అంది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ."