ఒకటో నంబరు గ్రిప్పు

నర్సింగ్‌కు ఆ పొద్దు లేచిన కోపంల సగం సాయితేజ మీద, సగం తన సొంత చేతి సంతకం మీద. ఎవల మీద ఎంతనో తేల్చుకునే లోపట్నే ఒక ఆడపిల్ల చెయ్యి వాసింది.

ముందుగాల సంగతి చెప్పాలె. బహ్రెయిన్‌ల దక్షిణం దిక్కు ఇసుకల ఒక ప్రైవేటు షూటింగ్ రేంజి ఉన్నది. సరదా ఉన్నోళ్లు వచ్చి, గాల్లకు ఎగిరే మట్టి పళ్లాలను షాట్‌గన్నుతోని కాల్చి, ఫొటోలు దిగి పోతరు. అండ్ల నర్సింగ్ ఇన్‌స్ట్రక్టరు. పదిహేడేండ్లు మిల్ట్రీల చేసి, హవల్దారుగ దిగి, కోరుట్ల దిక్కు ఊర్లె రెండేండ్లు ఉత్తగ కూసున్నడు. ఆ కూసునుడు ఒంటికి పడక దుబాయి బాట వట్టిండు. దుబాయంటే ఇదే, బహ్రెయినే. ఊర్లె అందరికి ఏ గల్ఫైనా దుబాయే.

రేంజిల కిరాయికిచ్చే తుపాకులు ఇరవై. వాటి పిడులు అరిగి, పగిలి, టేపులు సుట్టిచ్చుకొని ఉన్నయి. కొత్తయి వెయ్యాలని ఆఫీసు అనుకున్నది. పిస్తోలు పిడి లెక్క కిందికి వంగిన గ్రిప్పులు, తుపాకి తన్ను తగ్గిచ్చే రకం. షాట్‌గన్ తన్ను కాల్చినోనికే ఎరుక. ట్రిగ్గరు గుంజంగనే ఎనుకకు గాడిద తన్నినట్టే తంతది. నేర్సుకునేటోళ్లు ఆ తన్నుకు భయపడి కండ్లు మూస్తరు, కండ్లు మూస్తే గురి మన్నే.

కొనే పని సాయితేజది. భీమవరం పిలగాడు, ఇరవై తొమ్మిదేండ్లు, ఎంబీయే చదివిండు. మూడు శాంపిళ్లు తెప్పిచ్చిండు. ఒకటో నంబరు నల్లటి గట్టి ప్లాస్టిక్కు, సన్నగ, సోకుగ ఉన్నది. రెండోది లావు రబ్బరుది, ఎనుక స్ప్రింగు ఉన్నది, చూస్తందుకు మోటు. మూడోది కట్టెది, నున్నగ మెరుస్తది. నెల కింద నర్సింగ్‌తోని ఒక్కొక్కదానికి యాభై తూటాలు కాల్పిచ్చి, ఒక ఫారం చేతుల వెట్టిండు. మణికట్టు నొచ్చిందా? భుజం నొచ్చిందా? వేళ్లకు తాకిందా? నర్సింగ్ మూడిటికి, అన్ని గళ్లల్ల, 'లేదు' అని టిక్కు వెట్టి సంతకం గీకిండు.

అబద్ధం. పచ్చి అబద్ధం. ఒకటో నంబరుకు పదో తూటకే ట్రిగ్గరు సుట్టు ఉండే ఇనుప కడియం నడిమి వేలును సుత్తెతోని కొట్టినట్టు కొట్టింది. ఇరవై తూటాలకు మణికట్టు తిమ్మిరెక్కింది. భుజమైతే అంతకు ముందే పాడైంది, దినాం నూరు తూటాలు కాల్చి చూపెడుతుంటె బాగెట్లుంటది? రాత్రి ఎడమ పక్కకే పండుకోవాలె, కుడి చెయ్యి పైకి లేపితే ప్రాణం వోతది.

మరి ఎందుకు రాసిండు లేదని? అదే రోగం. మనామ పక్కన జిదాఫ్స్‌ల వాళ్ల రూముల ఆరుగురుంటరు, అందరిది అదే రోగం. రెండేండ్ల కింద ముత్తన్న అనేటోడు, అదే రూముల ఉండి మామీర్ దిక్కు పైపుల పని చేసేటోడు, నడుము నొస్తుందని సూపర్‌వైజరుకు మంచిమాటకు చెప్పిండు. మెడికల్‌కు పంపిండ్రు, అన్‌ఫిట్ అన్నరు, పదిహేను దినాలల్ల టికెట్టు చేతుల వెట్టి ఖలాస్ అన్నరు. అప్పటిసంది ఆ రూముల ఎవ్వలికి ఏ నొప్పి లేదు. జ్వరం లేదు, నడుము లేదు, కన్ను లేదు. ఎవలు అడిగినా 'నో ప్రాబ్లం సార్'. నోటికి అదే మాట అలవాటైంది, చేతికి అదే టిక్కు అలవాటైంది.

ఇగ ఆ పొద్దు కథ. తెల్లారంగనే సాయితేజ నవ్వుకుంట వచ్చిండు.

"నర్సింగ్ గారూ, గ్రిప్పులు తేల్చేశానండీ. మీ రిపోర్టు ప్రకారం మూడూ సమానమే కదా. అందుకని చూడ్డానికి బాగున్నది, వెంటనే దొరికేది ఒకటో నంబరు తీసుకుంటున్నా. మధ్యాహ్నం రెండింటికల్లా ఆర్డర్ పంపాలి. ఇవాళ ఒక గన్నుకి బిగించాను, కస్టమర్‌కి ఇచ్చి చూడండి."

"సారూ, రెండోది..." అని నర్సింగ్ నోరు తెరిచిండు.

"రెండోదానికేమైనా సమస్యా? మీరే కదండీ ఏ తేడా లేదని రాశారు?"

చెప్తే అబద్ధమెందుకు రాసినవంటరు. నొప్పున్నదంటే మెడికల్ అంటరు. ఏం లేదు సారూ అన్నడు. థూ, నా బతుకు చెడ, అని తనను తనే తిట్టుకున్నడు.

తొమ్మిదింటికి రచన వచ్చింది. మనామల పండ్లు పీకే డాక్టరు, కాకినాడ పిల్ల, రెండు క్లాసులు అయినయి, ఇది మూడోది. మెదడు చురుకు, చెయ్యి సన్నది. ఆమె చేతికి ఒకటో నంబరు గ్రిప్పు ఉన్న తుపాకిచ్చేటప్పుడు నర్సింగ్‌కు తెలుసు. తెలిసి ఇచ్చిండు. "భుజానికి గట్టిగ ఆనిచ్చి వట్టుకో బిడ్డా" అని మాత్రం అన్నడు.

మొదటి పళ్లెం పగిలింది. రెండోది తప్పింది. మూడోదానికి ఆ సన్న ప్లాస్టిక్కు ఆమె చెమట చేతుల జారింది. ఇనుప కడియం వచ్చి నడిమి వేలు మీద పడ్డది, మణికట్టు ఎనుకకు మెలితిరిగింది. ఆమె "అమ్మా!" అన్నది గని, తుపాకి మాత్రం కింద వడెయ్యలే, నేర్పినట్టే మూతి నేల దిక్కు వెట్టింది. నర్సింగ్ తుపాకి అందుకొని ఖాళీ చేసి పక్కకు వెట్టేసరికి వేలు వంకాయంత వాసింది.

మంచు సంచి తెచ్చి వెట్టిండు. పిల్ల ఏడుస్తలేదు. చెయ్యి దిక్కే చూస్తుంది.

"రేపు నాకు పదకొండు మంది పేషెంట్లు అంకుల్. ఈ చేత్తోనే పని. ఇది ఇంత తంతుందని మీకు తెలీదా?"

అడిగిన తీరు కోపం కాదు. కోపమైతే బాగుండు. నిజంగ తెలుసుకుందామని అడిగింది. నర్సింగ్ మంచు సంచి సర్దుతుంటె సాయితేజ ఉరుక్కుంట వచ్చిండు, చేతుల కాయితం.

"సారీ మేడం, వెరీ సారీ. కానీ ఇది మా ఇన్‌స్ట్రక్టర్ యాభై రౌండ్లు కాల్చి ఓకే చేసిందే మేడం. ఇదిగో, ఆయన సంతకం. బహుశా మీరు పట్టుకోవడంలో..."

అంతే. నర్సింగ్‌కు నెత్తికెక్కింది.

"పట్టుకునుడు నేను నేర్పిన! ఆమె సక్కగనే వట్టుకున్నది! ఆమె మీద వెడ్తె ఊరుకోను, ఆఁ!" రేంజి అంత ఇనవడ్డది. అవుతల లైన్ల కాల్చేటోళ్లు చెవుల కప్పులు తీసి చూసిండ్రు. "నువ్వు కాల్చినవా ఒక్కసారన్న? సోకు చూసి తెస్తవా తుపాకి సామాన్? ఇదేమన్న కండ్లద్దాల ఫ్రేమా?"

'సారూ' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ తెల్వది.

"మీరే కదండీ రాశారు ఏ నొప్పీ లేదని!" సాయితేజ గొంతు కూడ లేచింది. "నాకేం కల వస్తుందా? మీరు రాసిందే నమ్మాను. నమ్మడం నా తప్పా?"

ఆ మాట సూటిగ వచ్చి తాకింది, ఎందుకంటె అండ్ల తప్పు లేదు. నర్సింగ్ అందరి ముంగటనే చొక్క గుండీలు విప్పి కుడి భుజం బయటవెట్టిండు. నల్లగ, పచ్చగ, మెడ దాక కమిలి ఉన్నది.

"అబద్ధం రాసిన. మెడికల్ పెట్టి ఇంటికి తోలుతరని రాసిన. ఆ పిల్ల వేలు నా సంతకంతోనే వాసింది." రచన దిక్కు తిరిగిండు. "తెలుసు బిడ్డా. తెలిసే ఇచ్చిన. తిట్టు."

రచన తిట్టలే. భుజం దిక్కు చూసింది, "ఎక్స్‌రే తీయించుకోండి" అన్నది డాక్టరు గొంతుతోని, మంచు సంచి వట్టుకొని కారు దిక్కు నడిచింది. తిడితేనే బాగుండేది నర్సింగ్‌కు.

సాయితేజ ఆ గ్రిప్పు ఉన్న తుపాకి దిక్కు చెయ్యి చాపిండు. "ఇవ్వండి. నేనే కాలుస్తా. చూద్దాం."

"ఇయ్య. కోపంల ఉన్నోని చేతికి తుపాకి ఇయ్యను. నేను గూడ ముట్ట. పోయి చాయ్ తాగి రా."

అర్ధగంటకు వచ్చిండు. అప్పటికి నర్సింగ్ కొత్త ఫారం తీసి రాసిండు. ఈసారి చేతికొచ్చిన టిక్కు కాదు, ఆలోచించి రాసిండు. ఒకటో నంబరు: అన్ని గళ్లల్ల 'ఉన్నది'. వేలుకు కడియానికి నడుమ సందు లేదు, చెమటకు జారుతది, వంపు ఎక్కువై మణికట్టు మడుస్తది. మూడోది: లావు, పెద్ద చేతులోనికి సరే, ఆడోళ్ల వేళ్లు అందవు. రెండోది: చూస్తందుకు బాగుండదు, గని రబ్బరు అరచేతి నిండ కూసుంటది, స్ప్రింగు తన్నును సగం మింగుతది. అడుగున 'నా భుజం ఆర్నెల్లసంది పాడైంది' అని రాసి సంతకం చేసిండు.

సాయితేజ చదివిండు. గొంతు తగ్గిచ్చి అన్నడు: "ఈ చివరి లైను కొట్టేయండి నర్సింగ్ గారూ. కస్టమర్ కంప్లయింట్ అని చెప్పి రెండో నంబరే ఆర్డర్ పెడతాను. మీ భుజం మాట రాదు. ఇది పంపితే మీకు మెడికల్ ఖాయం."

నర్సింగ్‌కు ఆశ వుట్టింది, అబద్ధమెందుకు. జూన్‌ల రెన్యువల్ అయ్యే ఇంకో రెండేండ్ల వీసా కండ్ల ముంగట కనవడ్డది. గని ఆ లైను కొట్టేస్తె భుజం మళ్ల బాగున్నట్టే, రేపు మళ్ల నూరు తూటాలే. ఈ భుజం పోయినంక దీని జాగల వచ్చేటోడు గూడ ఇట్లనే 'లేదు' అని రాస్తడు. అట్ల రాసినోని మాట వట్టుకొని మళ్లొక చెయ్యి వాస్తది.

"కొట్టెయ్య. పంపు. ముందు నువ్వు కాల్చు, కోపం దిగింది గద."

చెవుల కప్పులు వెట్టి, కాళ్లు ఎట్లుంచాల్నో చూపెట్టి, ఒకటో నంబరు గ్రిప్పు చేతికిచ్చి పక్కనే నిలవడ్డడు. ఒక్కటే తూట. ధన్‌మన్నది. సాయితేజ ముఖం తెల్లబోయింది, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. తుపాకి సక్కగ దించిండు, చెయ్యి మాత్రం తొడకు రాసుకుంటుండు.

నర్సింగ్ ఇంకో ఖాళీ ఫారం ముంగట వెట్టిండు. "రాయ్ సారూ."

సాయితేజ పెన్ను వట్టుకున్నడు. మొదటి గడి కాడ ఆగిండు. "పర్లేదండీ," అన్నడు. "అంత... అంత నొప్పేం లేదు."

"అగో మళ్ల!" నర్సింగ్ ఎగిరిండు. "నీ కండ్లు చూసుకో! నీకేం భయం, నువ్వు ఆఫీసోనివి! నొచ్చిందని రాసేటందుకు నీకేం రోగం?"

సాయితేజ తల ఎత్తలే. "నా వీసా కూడా జూన్‌లోనే రెన్యువల్ అండీ," అన్నడు మెల్లగ. "రాస్తే నన్ను కూడా పంపుతారేమో."

నర్సింగ్ చెయ్యెత్తినోడు ఎత్తినట్టే ఉన్నడు. పొద్దటిసంది మండిన కోపం ఎవని మీద వొయ్యాల్నో తోచలే. కుర్చీ గుంజుకొని, ఆ పిలగాని పక్కన కూసున్నడు.

"పంపితే ఇద్దరం గల్సే పోదం," అన్నడు. "రాయ్ బిడ్డా."