జంట గోడలు

మా ఇంటి నడుమ ఒకటి కాదు, రెండు అడ్డుగోడలు ఉండేవి. రెంటి మధ్యా చెయ్యి మాత్రమే పట్టే సందు.

ముత్తాత కట్టినప్పుడు అదంతా ఒకే ఇల్లు. ఆయన కొడుకులు మా తాత, చినతాత ఇద్దరూ తాపీమేస్త్రులే. ముక్కు మీద కోపం కూడా ఇద్దరికీ సమానంగానే పంచి పోయాడు ముత్తాత. వంటింటి కిటికీ ఎంత ఎత్తులో ఉండాలన్న దగ్గర మొదలైన తగువు ఇల్లు పంచుకునేదాకా వెళ్లింది. సరే, అడ్డుగోడ ఎవరు కట్టాలి?

"వాడు కట్టిన గోడ పక్కన నేను నిద్రపోను," అన్నాడు తాత.

"ఆయన గోడ నా కప్పు మొయ్యదు," అన్నాడు చినతాత.

చివరికి ఎవరి గోడ వాళ్లు కట్టుకున్నారు. మేస్త్రుల ఇల్లు కదా, ఇటుకలకు కొదవేముంది!

అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకోకుండానే పోయారు. తోడికోడళ్లకు మాత్రం ఆ పంతాలేవీ లేవు. పంపకంలో చినతాత వాళ్ల గుమ్మం వెనక వీధిలోకి పడింది. నాయనమ్మ రోజూ మధ్యాహ్నం చుట్టూ తిరిగి చిన్ననాయనమ్మ దగ్గరకు వెళ్లేది. ఇద్దరూ మొగుళ్లను తీరిగ్గా తిట్టుకుని, హాయిగా నవ్వుకునేవారు.

ఈ ఏడు నాయనమ్మ మోకాళ్లు మొరాయించాయి. అటు చిన్ననాయనమ్మ జారిపడి మంచం పట్టింది. కుర్చీలో మోసుకెళ్తామంటే నాయనమ్మ మూతి ముడిచింది.

"వీధుల్లో ఊరేగిస్తారా? పోయాక ఎలాగూ ఆ పని చేస్తారుగా. గోడ కొట్టండి."

నాన్న వద్దన్నాడు. ఆయనా మేస్త్రే, అందుకే మరీ భయం.

"నడిమి దూలం ఆ గోడల మీదే ఉందమ్మా. కొడితే కప్పు నెత్తిన పడుతుంది."

"మీ పిన్ని పోయేలోపు ఒక్కసారి చూడాలిరా," అంది నాయనమ్మ. ఈసారి గొంతులో వెటకారం లేదు.

నాన్న ఇక కాదనలేదు. చిన్ననాయనమ్మ కొడుకు, మా బాబాయి, వాళ్ల గోడ తనే చూసుకుంటానన్నాడు. వంశాచారం మరి. ముందు పూత గీకి, లోపల కట్టుబడి చూసి, ఆ తర్వాతే సుత్తి ఎత్తుదామనుకున్నారు.

నాన్న గీకుతుంటే తలకు పైన పొడవాటి రాతి పలక బయటపడింది. ద్వారానికి చోటు వదిలినప్పుడు, పై బరువు మోయడానికి వేసే పలక అది. దాని కింద ఇటుకలకు సున్నం లేదు, ఉత్త బంకమట్టి. సుత్తి అక్కర్లేకుండానే చేతికి ఊడి వస్తున్నాయి. కప్పు కదలలేదు.

"మా నాన్న తలుపుకి చోటు వదిలాడు," అన్నాడు నాన్న నమ్మలేనట్టు.

సందు అవతల నుంచి బాబాయి గొంతు వినిపించింది. "అన్నయ్యా, ఇక్కడా పలకుంది. కిందంతా మట్టే."

సరిగ్గా ఎదురెదురుగా. చినతాత పలక మాత్రం జానెడు కిందికుంది. ఎత్తు దగ్గర ఇద్దరూ రాజీపడలేదు. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ ఇటుకలు తీసెయ్యడం ఒక్క పూట పని. అవతలివాడు ముందు మొదలుపెడతాడని ఇద్దరూ బతుకంతా ఎదురుచూశారు. అది తట్టాక ఏడుపొచ్చింది.

నాయనమ్మ నా భుజం పట్టుకుని, చినతాత పలక కింద తల వంచి అటు దాటింది.

"వచ్చావా అక్కా," అంది చిన్ననాయనమ్మ.

"వచ్చా. నీ మొగుడు పొట్టి ద్వారం పెట్టాడు."

చిన్ననాయనమ్మ నవ్వి, ఆ ఖాళీ వైపు చూసింది.

"మా ఆయన మంచం సరిగ్గా అక్కడే వేసుకునేవాడక్కా. గోడ చల్లగా ఉంటుందనేవాడు."

నాయనమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మా ఆయనా అదే చెప్పేవాడే," అంది.